ఆకుల కట్ట

రోహిణి కార్తెలో తర్లగూడ వచ్చేవాళ్ళకి ఊరి కంటే ముందు ఆకు కనిపిస్తుంది. కల్లాల్లో బారులు తీర్చి ఎండబెట్టిన తునికాకు కట్టలు, వాటి మీదుగా వచ్చే పచ్చివాసన. చీకటితోనే అడవికి పోయి, పొద్దెక్కకముందే ఆకు కోసుకొచ్చి, ఇంటిల్లిపాదీ నీడన కూచుని కట్టలు కడతారు. యాభై ఆకులకు ఒక కట్ట. వెయ్యి కట్టలకు ఒక బస్తా లెక్క. 2023లో ఆ బస్తాకు ఛత్తీస్‌గఢ్‌లో ఇచ్చింది 4,000 రూపాయలు. అంటే కట్టకు నాలుగు రూపాయలు, ఆకుకు ఎనిమిది పైసలు. పుట్టిన ఊరే అయినా ఆకుకెంతో నేనెప్పుడూ లెక్క కట్టలేదు. ఆ ఏడు మే నెలాఖరులో ఒక సాయంత్రం మా అరుగు మీద కూచున్న ఒక ముసలామె నాచేత కట్టించింది.

నేనిప్పుడు ఉండేది హనుమకొండలో. తర్లగూడలో మా తాత కట్టిన పెంకుటిల్లు ఇంకా ఉంది. వానలకు ముందు పగిలిన పెంకులు మార్పించడానికి ఏటా మే నెలాఖరులో వస్తాను. ఛత్తీస్‌గఢ్‌లోని బీజాపూర్ జిల్లా, భోపాలపట్నం తహసీలు. తెలంగాణలోని వాజేడు దాటి నాలుగడుగులేస్తే రాష్ట్రం మారిపోతుంది, బోర్డుల మీద అక్షరాలు మారిపోతాయి, మాట మాత్రం మారదు. ఇక్కడి ఇళ్ళలో తెలుగే. దోర్ల తెగవాళ్ళు తమ భాషతోపాటు తెలుగూ మాట్లాడతారు. కానీ బడి హిందీ. పిల్లలు అమ్మతో తెలుగులో అలిగి, పలక మీద హిందీలో రాస్తారు. తాత పట్టుబట్టి నన్ను వరంగల్ పంపాడు కాబట్టి నేను తెలుగు చదువుకున్నాను, ముప్పై ఏళ్ళు తెలుగు పంతులుగా చేసి రిటైరయ్యాను.

పాత పుస్తకాల మీద ప్రేమ కూడా నాకు ఆ ఇంట్లోనే పుట్టింది. మా తాత కిరాణా కొట్టు నడిపేవాడు. ఉప్పు, కిరసనాయిలు, ఎండుచేపలు, ఇప్పపువ్వు. 1986 ఆగస్టులో గోదావరి భద్రాచలం దగ్గర 75 అడుగులు దాటినప్పుడు ఒడ్డు పల్లెల జనం రోజుల తరబడి మా అరుగు మీద, కొట్టులో, పశువుల కొట్టంలో తలదాచుకున్నారట. నేను అప్పుడు వరంగల్‌లో ఉన్నాను. దారులు తెగిపోయి రాలేకపోయాను. ఆ శీతాకాలమే తాతకు పక్షవాతం వచ్చింది. మాట పడిపోయింది. పోయేముందు రెండు రోజులు ఎడమచెయ్యి ఎత్తి అటక వైపు చూపేవాడు, తర్వాత గోదారి వైపు చూపేవాడు. మళ్ళీ అటక, మళ్ళీ గోదారి. గోదారి నీళ్ళు అడుగుతున్నాడనుకుని నాన్న చెంబుతో తెచ్చి గొంతులో పోశాడు.

దినాలు అయ్యాక అటక ఎక్కి చూస్తే ఒక రేకుపెట్టె. అందులో పంచెగుడ్డలో చుట్టిన తాళపత్రాల కట్ట. నూటయాభై పైచిలుకు ఆకులు, పైనా కిందా చెక్క పలకలు, నడుమ తాడు. మసీ ఆకుపసరూ కలిపి రాసి మెత్తటి గుడ్డతో తుడిస్తే గంటం గీతల్లోంచి అక్షరాలు నల్లగా పైకి తేలాయి. ద్విపద రామాయణం. యుద్ధకాండ నడుమ ఆగిపోతుంది. అప్పటికి నాకు ఇరవై రెండేళ్ళు. ఆ రాత్రి లాంతరు ముందు కూచుని ఒక్కో ఆకూ తిప్పుతుంటే ఒళ్ళు జలదరించింది. లెక్కల పుస్తకం తప్ప వేరే పుస్తకం పట్టని మా తాత దీన్ని ఎప్పటినుంచి దాచాడో, ఎవరి దగ్గర పొందాడో! మా పూర్వీకులు కింది గోదావరి జిల్లాల నుంచి పడవల మీద వచ్చారని ఇంట్లో అనుకునేవాళ్ళం. వాళ్ళే తెచ్చి ఉంటారని తేల్చుకున్నాం. చివరి ఆకు మీద అక్షరాలు లేవు. మేకుతో గీసినట్టు ఒక చేప బొమ్మ ఉంది. మిగతా రాత గంటంతో సన్నగా, తీరుగా ఉంటే ఆ చేప మాత్రం ముతగ్గా, లోతుగా, ఆకు చిరిగేలా ఉంది. దాని గురించి చాలా ఆలోచించాను. మత్స్యావతారం పది అవతారాల్లో మొదటిది కదా, లేఖకుడు మంగళసూచకంగా గీసి ఉంటాడని నిర్ణయించుకున్నాను.

ఆ కట్టను 2011లో ఒక మ్యూజియానికి ఇచ్చాం. చెదల నుంచి కాపాడాలంటే అదే దారి అనిపించింది. అద్దాల పెట్టెలో పెట్టారు. పక్కన అట్ట మీద మా ఇంటిపేరు. ఆ ఫొటో నా ఫోన్‌లో ఎప్పుడూ ఉంటుంది.

ఆ సాయంత్రం కరెంటు లేదు. అరుగు మీద చాప పరుచుకుని కూచుంటే పిల్లలు చేరారు. ఆకు కట్టలు కట్టీ కట్టీ మునివేళ్ళు నల్లబడ్డ పిల్లలు. వెనకాలే వాళ్ళ తల్లులు, ఇద్దరు ముగ్గురు పెద్దవాళ్ళు. కొత్త మనిషి ఒకామె కూడా వచ్చి మెట్టు పక్కన ఒదిగి కూచుంది. డెబ్బై ఏళ్ళుంటాయి. ఒళ్ళో మడత విప్పని ఎర్రగుడ్డ. కూతురిని ఈ ఊళ్ళో ఇచ్చారని, ఒడ్డు పల్లె నుంచి వచ్చిందని ఎవరో చెప్పారు. ఏ పెళ్ళి పెట్టుబడికో గుడ్డ కొనుక్కొచ్చిందనుకున్నాను.

"కథ చెప్పు తాతా" అన్నారు పిల్లలు.

నా మనసు నిండా ఆ పది రోజులుగా ఒకటే కథ ఉంది. 2023 మే 17న న్యూయార్క్‌లో సాద్‌బీస్ వేలంలో ఒక పుస్తకం 3 కోట్ల 81 లక్షల డాలర్లకు అమ్ముడుపోయింది. ఫోన్ తీసి బొమ్మ చూపించాను. తోలు ఆకుల మీద మూడేసి వరుసలుగా దిగిన నల్లటి రాత.

"ఇది యూదుల వేదం. హీబ్రూ బైబిల్. రాసి పదకొండు వందల ఏళ్ళు దాటింది."

"యూదులంటే ఎవరు తాతా?"

ఎక్కడో దూరదేశం వాళ్ళని చెబితే పిల్లలకు అందదు. గుంటూరు వైపు చేబ్రోలు దగ్గర కొత్తరెడ్డిపాలెం అని ఒక ఊరుంది, అక్కడ తెలుగు మాట్లాడే యూదులున్నారు, 1991 నుంచి వాళ్ళకో ప్రార్థనమందిరం ఉంది, శుక్రవారం సాయంత్రం దీపాలు పెట్టుకుని తెలుగులో పలకరించుకుంటారు అని చెప్పాను. ఇంకా వెనక్కి వెళ్ళి సర్మద్ సంగతీ చెప్పాను. పారసీక దేశంలోని కాషాన్‌లో యూదుల ఇంట పుట్టిన ఆ ఫకీరు అబ్దుల్లా కుతుబ్‌షా కాలంలో హైదరాబాదు వచ్చాడు. అతని శిష్యుడు అభయచంద్, ఒక హిందూ కుర్రవాడు, యూదుల తోరాలో మొదటి భాగం పారసీలోకి మార్చాడు. 1647లో దబిస్తాన్ అనే గ్రంథం రాసినవారు వాళ్ళని హైదరాబాదులోనే కలిసి, ఆ అనువాదాన్ని తమ పుస్తకంలో చేర్చారు. మూసీ ఒడ్డున తోరా వినిపించిందంటే నాకు ఇప్పటికీ ఆశ్చర్యమే. యూదులు మనకు ఎక్కడో సముద్రాలవతలి మనుషులు కారు.

"ఆ పుస్తకం ఎంత ఉంటది?" అనడిగాడు ఒకడు.

"పన్నెండు కిలోలు. 396 ఆకులు. ఆకులంటే మన ఆకులు కావు, తోలు ఆకులు. వందకు పైగా జంతువుల చర్మాలు పట్టి ఉంటాయి. ఇందులో ఇరవై నాలుగు గ్రంథాలున్నాయి. ఇంతకాలానికి పోయింది పన్నెండు ఆకులే."

హీబ్రూలో వాళ్ళు హల్లులు మాత్రమే రాసేవాళ్ళని చెప్పాలనుకున్నాను. తలకట్టు, గుడి, కొమ్ము అంటే ఈ పిల్లలకు తెలియదు. అందుకని హిందీ మాత్రలు లేకుండా మీ పేరు రాసి చూడండన్నాను. నేలమీద పుల్లతో రాసి ఒకరి పేరు ఒకరు తప్పుగా చదువుకుని నవ్వుకున్నారు. అట్లా తప్పు చదవకూడదనే తిబేరియా అనే ఊరి యూదు పండితులు అక్షరాల కిందా మీదా చుక్కలూ గీతలూ పెట్టారు, అంచుల్లో సన్నటి అక్షరాలతో ఏ మాట ఎన్నిసార్లు వస్తుందో కూడా రాసి పెట్టారు. ఆ చుక్కలతో, ఆ అంచు రాతలతో దాదాపు సంపూర్ణంగా మిగిలిన హీబ్రూ బైబిళ్ళలో ఇదే అన్నిటికంటే పాతది. అలెప్పో నగరంలో దాచిన ప్రతి దీని ఈడుదే, కానీ 1947 అల్లర్లలో మొదటి ఐదు గ్రంథాలూ దాదాపుగా పోయాయి. మొత్తంగా నిలిచిన లెనిన్‌గ్రాడ్ ప్రతి 1008 నాటిది. ఇదేమో 900 ప్రాంతంది. మన గోదావరి కింద రాజమహేంద్రవరంలో నన్నయ భారతం మొదలుపెట్టడానికి నూరేళ్ళకు పైగా ముందే ఈ ఆకులు రాసి ఆరబెట్టారు.

"ఎంతకు కొన్నరన్నవు సారూ?" మెట్టు దగ్గరి నుంచి అవ్వ గొంతు.

"మన డబ్బుల్లో మూడువందల కోట్లకు పైనే అవ్వా."

"ఆకుకెంత?"

ఫోన్‌లో భాగించాను. "ఒక్కో ఆకు డెబ్బై తొమ్మిది లక్షల దాకా."

"మాకు ఎనిమిది పైసలు" అంది ఆమె. అప్పుడే తునికాకు లెక్క నాచేత కట్టించింది. ఆమె గొంతులో నిష్ఠూరం లేదు. తూకం సరిచూసుకున్నట్టు అడిగింది, అంతే.

"ధర కాదవ్వా, అసలు కథ ధరలో లేదు" అన్నాను. నిజంగానే నాకు ఆ కోట్ల మీద ధ్యాస లేదు. నన్ను పట్టుకున్నది ఆ పుస్తకంలో వేదవాక్యాల పక్కన ఎవరెవరో రాసిపెట్టిన చిన్న చిన్న లౌకికమైన రాతలు. పుస్తకం పుట్టిన వందేళ్ళకు ఖలఫ్ బెన్ అబ్రహం అనే వర్తకుడు దాన్ని ఇస్సాకు బెన్ యెహెజ్కేల్ అల్ అత్తార్‌కి అమ్మాడు. అల్ అత్తార్ అంటే మన అత్తరే, సుగంధాల వ్యాపారి. అతని నుంచి కొడుకులు యెహెజ్కేల్, మైమోన్‌లకు వచ్చింది. అమ్మకం రాత ఉంది, కొడుకులకు చెందిన రాత ఉంది. పదమూడో శతాబ్దం నాటికి అది సిరియా ఈశాన్యంలో, ఖాబూర్ నది ఒడ్డున ఉన్న మాకిసీన్ అనే ఊరికి చేరింది. ఆ ఊరి యూదుల మందిరానికి, వాళ్ళు సినగాగ్ అంటారు, అర్పించారు. ఇక అది ఎవరి సొత్తూ కాదు, దేవుడిది, ఊరిది.

"నది ఒడ్డు ఊరా?" అంది అవ్వ.

"అవునవ్వా. కానీ వరద కాదు. దండయాత్రలు వచ్చాయి. ఊరు నాశనమైంది. మందిరం కూలిపోయింది. పుస్తకం మిగిలింది. అప్పుడు ఊరివాళ్ళు ఒక పని చేశారు. సలామా బిన్ అబీ అల్ ఫఖర్ అనే మనిషి చేతికి దాన్ని అప్పగించారు. ఆ సంగతి పుస్తకంలోనే రాయించారు. ఏమని? మాకిసీన్‌లో మందిరం మళ్ళీ కట్టిన నాడు ఇతను తిరిగి ఇచ్చేయాలి అని."

చెబుతుంటే నా గొంతు పట్టేసింది. అది చదివిన రోజు రాత్రి నాకు నిద్ర పట్టలేదు. ఊరు బూడిదైంది. మనుషులు తలోదిక్కు. ఆ గడియలో కూడా మళ్ళీ మందిరం కడతామన్న నమ్మకం. వాళ్ళ నమ్మకం ఒక ఎత్తు, సలామా మీద పెట్టుకున్న నమ్మకం ఇంకో ఎత్తు.  పుస్తకానికి పుస్తకమే సాక్షి.

"కట్టిన్రా?" అంది అవ్వ.

"ఏం?"

"గుడి."

"లేదవ్వా. ఎప్పటికీ కట్టలేదు. ఇప్పుడు ఆ చోటు పేరు మర్కదా. మందిరం లేదు."

ఆమె తల పంకించింది. ఒళ్ళోని ఎర్రగుడ్డను చేత్తో నిమురుతూ ఉంది.

"మరి ఆ సలామా?"

"అతని తర్వాత సుమారు ఆరువందల ఏళ్ళు ఆ పుస్తకం లోకానికి కనపడలేదు. 1929లో బయటపడింది. డేవిడ్ సాలమన్ ససూన్ అనే ఆయన 350 పౌండ్లకు కొన్నాడు." ఈయన కథ పెద్దవాళ్ళకు నచ్చింది. ఎందుకంటే ఆయన పుట్టింది మన బొంబాయిలో, 1880లో. ఆయన తాత డేవిడ్ ససూన్ బాగ్దాదు వదిలి బొంబాయి చేరి నల్లమందు, పత్తి వ్యాపారాల్లో కోట్లు గడించాడు. కొలాబాలో చేపల పడవలు ఆగే ససూన్ డాక్ వాళ్ళు కట్టించిందే, పుణె ససూన్ ఆసుపత్రికి పెట్టింది వాళ్ళ పేరే. తెలంగాణ నుంచి వెళ్ళిన కామాఠీలు రాళ్ళు మోసి కట్టిన ఆ నగరంలోనే ఈయన పెరిగాడు. తల్లి ఫ్లోరా, భర్త పోయాక బొంబాయిలో ఆ వ్యాపారమంతా తానే నడిపిన మనిషి. కొడుకు మాత్రం లాభనష్టాలు వదిలి పుస్తకాలు పట్టుకున్నాడు. లోకమంతా గాలించి హీబ్రూ రాతప్రతులు కొన్నాడు. 1932లో వాటికి రెండు సంపుటాల జాబితా అచ్చువేశాడు, దావీదు గుడారం అని అర్థం వచ్చే పేరు పెట్టి. ఈ పుస్తకానికి ఆయన వేసిన అంకె 1053.

ఆయన్ని నేను తప్పుపట్టను. ప్రేమించి కొన్నాడు, చదివాడు, కాపాడాడు. 1942లో పోయాడు. 1978లో జూరిచ్‌లో ఆ కుటుంబం దాన్ని వేలంలో పెడితే బ్రిటిష్ రైల్వే ఉద్యోగుల పింఛను నిధి కొన్నది. 1989లో మళ్ళీ చేతులు మారింది. 2023లో ఆల్ఫ్రెడ్ మోజెస్ అనే అమెరికా మాజీ రాయబారి కొని టెల్ అవీవ్‌లోని యూదుల మ్యూజియానికి ఇచ్చాడు. అందరూ చూడొచ్చు. మంచిదే.

కానీ అక్కడే నాకు కోపం వచ్చింది. ఆ కోపం దాచుకోలేదు, అరుగు మీద అందరి ముందూ చెప్పాను. "ఆ పుస్తకాన్ని ఇప్పుడు లోకమంతా ఏమని పిలుస్తోందో తెలుసా? కోడెక్స్ ససూన్. పదమూడేళ్ళు దగ్గర పెట్టుకున్న మనిషి పేరు. పోనీ, ఆయన ఇంట్లో మొత్తం యాభై ఏళ్ళు కూడా లేదు. మరి మాకిసీన్? ఆ ఊరి మందిరంలో దేవుడికిచ్చిన పుస్తకం. వాళ్ళ పేరు ఎందుకు లేదు? ఆ రాత పుస్తకంలోనే ఉంది కదా, మందిరం కట్టిన నాడు ఇచ్చేయాలని! సలామా ఇవ్వలేదా, సలామా మనవలు మరిచారా, ఎవరో ఒకరు ఒకరోజు ఆ రాత చూసి కూడా ఇది మాదే అనుకుని ఉంటారు. పుస్తకంలో పెద్ద అక్షరాలు అందరూ చదువుతారు. చివరన ఎవడో గీసిన గీత చదివినవాడే అసలు చదివినవాడు. అప్పగించిన వస్తువు అప్పగించినవాళ్ళది. దాచినవాడిది కాదు."

పెద్దవాళ్ళు అవునంటే అవునన్నారు. ముప్పై ఏళ్ళు పాఠం చెప్పిన గొంతు, బాగానే పలికింది. పిల్లలు కదలకుండా విన్నారు. చీకటి పడింది. ఒక్కరొక్కరే లేచారు. తెల్లారకముందే అడవికి పోవాలి కదా.

అవ్వ లేవలేదు. ఆమె పక్కన మనవరాలు, ఎనిమిదో తరగతి పిల్ల, ఉంది.

"మంచిగ చెప్పినవు సారూ" అంది. "చివరి గీత సంగతి మరీ మంచిగ చెప్పినవు. నాకు ఎట్ల అడగాల్నో తెలువక మూడేండ్ల సంది ఆలోచన చేస్తున్న. నువ్వే తొవ్వ చూపినవు."

"ఏం అడగాలవ్వా?"

"మా మామ గోదారిల పడవ నడిపెటోడు. బెస్తోళ్ళం. ఎనభై ఆరుల పెద్ద వరదొచ్చినప్పుడు మా ఊరి రాములోరి గుడి నీళ్ళల్ల కూలిపోయింది. కూలంగ కూలంగ మా మామ పడవేస్కొని పోయి విగ్రహాలు తెచ్చేటందుకు చూసిండు. దొరకలే. గూట్లె ఉన్న పుస్తకం దొరికింది. ఆకుల పుస్తకం. ఏటా నవమికి చదివెటోళ్ళు మా ఊళ్ళె. అది నెత్తిన పెట్టుకొని, ఇగో, ఈ అరుగుకే వచ్చిండు. మీ తాత సావుకారి చేతిల పెట్టిండు. మళ్ళ గుడి కట్టినంక తీస్కపోత అన్నడు. సావుకారి పెట్టె తెచ్చి నా కండ్ల ముందటే అటకెక్కించిండు. నేను గూడ మామ ఎంబడే వచ్చిన, ఆ మూలకు కూసున్న."

అరుగు మూల చూపించింది. నాకు తాత చెయ్యి కనిపించింది. అటక వైపు, గోదారి వైపు.

"మరి ఇన్నేళ్ళూ ఎందుకు రాలేదవ్వా?"

"గుడి కట్టలే కద సారూ." నేను అడిగింది ఆమెకు వింతగా తోచినట్టుంది. "గుడి కట్టకుండ పుస్తకం అడుగొద్దని మా మామ సచ్చిపోంగ కూడ చెప్పిండు. అడిగితే మాట తప్పినట్టే అన్నడు. ఊరు మెరక మీదికి జరిగింది. పైసలేడియి? ఆకు పైసలు కొన్ని, మిరపకాయ ఏర్న కూలి పైసలు కొన్ని, ఏటింత ఏటింత జమ చేసినం. మొన్న నవమికి రాములోరిని నిలబెట్టినం. చదివేటందుకు పంతులును తెచ్చినం గని పుస్తకం లేకపాయె."

ఎర్రగుడ్డ మడత విప్పింది. కొత్త గుడ్డ. చుట్టూ పసుపు అంచు చేత్తో కుట్టినది. పుస్తకం చుట్టడానికి.

నోట మాట రాలేదు. అయినా పంతులు బుద్ధి పోదు. ఎక్కడో ఒక చిన్న ఆశ, ఇది వేరే పుస్తకమేమోనని. "గుర్తేమైనా ఉందా అవ్వా?" అని అడిగాను.

"ఉండకెట్ల? మా మామకు రాత రాదు. ఊరి పేరు రాయరాదు, తన పేరు రాయరాదు. ఇంకో ఇంటి పుస్తకంతోని కలిసిపోతదని చివరాకు మీద పడవ మేకుతోని గీసిండు." ఆమె వేలితో చాప మీద గీసి చూపింది. ఒక్క గీతతో పొట్ట, ఒక్క గీతతో వీపు, చివర తోక. "చేప."

ఫోన్ నా చేతిలోనే ఉంది. దాచడానికి ఇంక ఏమీ లేదు. అద్దాల పెట్టె ఫొటో తీసి ఆమె ముందు పెట్టాను. పుస్తకాన్ని గుర్తుపట్టింది. వేళ్ళతో ఆ అద్దాన్ని తాకింది. ఎక్కడుందని అడిగింది, చెప్పాను. ఇస్తారా అని అడిగింది. ఇచ్చింది మేము కాబట్టి నేను వెళ్ళి అడుగుతాను, ఎన్నిసార్లు తిరగాల్సి వచ్చినా తిరుగుతాను అన్నాను. ఆమె విన్నదో లేదో. పక్కనున్న అట్ట మీద రాతను చూస్తోంది.

"ఇండ్ల మా ఊరి పేరున్నదా?" అని మనవరాలికి ఫోన్ అందించింది. "చదువే."

పిల్ల చాలాసేపు చూసింది. "నాకు తెలుగు రాదు అమ్మమ్మా, హిందీల లేదు" అంది.

ఇక నేనే చదవాలి. చదివాను. ద్విపద రామాయణం, తాళపత్రాలు. తర్లగూడలోని ఫలానా ఇంటిపేరు గల కుటుంబం తరతరాలుగా కాపాడిన గ్రంథం. చివరి ఆకు మీది చేప మత్స్యావతారానికి సంకేతం. ఆ మాటలు మ్యూజియంవాళ్ళవి కావు. పన్నెండేళ్ళ కింద నేనే తెల్లకాగితం మీద రాసిచ్చినవి.

అవ్వ ఏమీ అనలేదు. ఎర్రగుడ్డను మళ్ళీ మొదటి మడతల మీదే జాగ్రత్తగా మడిచి, చంకలో పెట్టుకుని లేచింది. మెట్టు దిగి ఆగింది. అంతసేపూ సారూ అని పిలిచిన మనిషి అప్పుడు వేరే పిలుపు పిలిచింది.

"నువ్వు చెప్పిన ఆ ఊరోళ్ళే నయం కొడుకా. వాళ్ళు గుడి కట్టుకోలే."